పిస్తోలు పక్కన చిక్కం

నేను ఒక చిక్కాన్ని. ఎద్దు మూతికి కట్టే చిక్కాన్ని. ఈ కాలం వాళ్లకు చెప్పాలి గనక చెబుతున్నాను. పత్తి చేనులోనో మక్క చేనులోనో సాళ్ల నడుమ గుంటుక తోలేటప్పుడు, ఎద్దు దారి పొడుగునా పైరు మేసేయకుండా దాని మూతికి తాళ్లతో అల్లిన బుట్టలాంటిది ఒకటి తగిలిస్తారు. అది నేనే. కళ్ల ముందు పచ్చటి మేత ఊగుతుంటే తిననివ్వకుండా ఆపడం నా పని. నన్ను చూసి సంతోషపడిన ఎద్దును ఇంతవరకూ నేను చూడలేదు.

అయినా నా బతుకు సంతోషంగానే గడిచింది. ఎద్దు మూతి దగ్గర మొదలైన దాన్ని, దేశమంతా వచ్చిన పిస్తోలు పోటీకి వెళ్లి వచ్చాను. ఎలా వెళ్లానో చెబుతాను.

నన్ను అల్లినవాడు గడ్డం బీరయ్య. జగిత్యాల దిక్కు ఒక పల్లెలో ఆయనకు రెండెకరాల చెలక, ఒక జత ఎద్దులు, నలభై గొర్రెలు ఉండేవి. మాటలు మాత్రం తక్కువ. గొర్రెలతో తిరిగేవాళ్లకు మాటలతో పనేముంది? జనుము నానబెట్టి, ఎండబెట్టి, తొడ మీద పేని, మూడు మధ్యాహ్నాలు గొర్ల దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని నన్ను అల్లాడు. ముడికీ ముడికీ నడుమ చిటికెన వేలి గోరు పట్టేంత సందు వదిలాడు. ఊపిరి ఆడాలి, ఆకు దూరకూడదు. అల్లడం అయిపోయాక నన్ను తన మూతికే పెట్టుకుని ఒకసారి ఊపిరి పీల్చి చూసుకున్నాడు. పక్కన ఆడుకుంటున్న కూతురు స్వరూప అది చూసి పడీ పడీ నవ్వింది. తరువాత ఎద్దు ముక్కు ఒరుసుకుపోకూడదని పాత గొంగడి పీలిక ఒకటి చింపి నా అంచు చుట్టూ మడత పెట్టి కుట్టాడు. ఈ గొంగడి మడతను కాస్త గుర్తు పెట్టుకోండి. కథలో దీనితో పనుంది.

మా మైలెద్దు ఆరేళ్లు నన్ను తొడుక్కుంది. ఆరేళ్లూ తిట్టుకుంటూనే తొడుక్కుంది. తరువాత ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దులు అంగడికి పోయాయి. నేను దొడ్డి గోడకు, మొండి కొడవలి పక్కన, మేకుకు వేలాడాను. ట్రాక్టరుకు చిక్కం అక్కర్లేదు. అది పైరు తినదు, తొక్కుతుంది.

స్వరూప పెద్దదై పోలీసైంది. జిల్లా కేంద్రంలో ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులు. ఫైరింగ్ రేంజి దగ్గర డ్యూటీ. అక్కడ ఒక ఆచారం ఉంది. కాల్చిన గుండు ఎటు పోయిందని ఎవరూ గట్టిగా అడగరు. గుండును విడిచి ఎగిరిపడిన ఇత్తడి తొడుగు ఎటు పోయిందని మాత్రం అందరూ అడుగుతారు. దాన్ని ఖాళీ అంటారు. వంద గుండ్లు తీసుకెళితే వంద ఖాళీలు ఆయుధాగారానికి తిరిగి రావాలి. తొంభై తొమ్మిది వస్తే ఆ పూట ఎవరికీ అన్నం లేదు.

ఆమె చేరిన కొత్తలో ఒకటి పోయింది. నలభై మంది పోలీసులు మోకాళ్ల మీద వంగి, పల్లేరు కాయలు గుచ్చుకుంటుంటే, గడ్డి పోచ పోచా వెతికారు. దొంగ కోసం కూడా అంత వెతికి ఉండరు. చివరికి అది ఒక కానిస్టేబులు చొక్కా కాలరులో దొరికింది. ఆ పూట స్వరూపకు నేను గుర్తుకొచ్చాను. సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు మేకు మీంచి నన్ను తీసింది. బీరయ్య ఏ ఎద్దుకు అని అడగలేదు. తీసుకుపొమ్మన్నట్టు తల ఊపాడు.

ఒక కర్రకు నన్ను కట్టింది. కాల్చేవాళ్ల కుడి భుజం పక్కన నిలబడి, ఖాళీ ఎగిరే దారికి అడ్డంగా నన్ను పట్టింది. మొదటి ఖాళీ వచ్చి పడినప్పుడు సుర్రుమంది. మైలెద్దు ఊపిరి కూడా వేడిగానే ఉండేది గానీ ఇంత కాదు. అందరూ నవ్వారు. బర్రె పాలు పిండుతున్నావా అన్నాడొకడు. నవ్వనివాడు ఒక్కడే, ఆయుధాగారం చూసే హెడ్ కానిస్టేబులు మొగిలయ్య. ఆయన నన్ను బల్ల అంచుకేసి తట్టి, రాలినవన్నీ లెక్కబెట్టాడు. సరిపోయాయి. కొలువులో చేరాక ఆయన చాయ్ చల్లారకముందే తాగింది ఆ సాయంత్రమేనని అక్కడివాళ్లు చెప్పుకున్నారు.

అట్లా పదేళ్లు. ఆమె నన్ను పట్టుకుంది, నేను ఖాళీలు పట్టాను. ఈ పదేళ్లలో ఆమె కళ్లకు ఒక అలవాటు పడింది. తుపాకీ పేలితే అందరి చూపూ గురి మీదికి పోతుంది. ఆమె చూపు మాత్రం కుడివైపు గాలిలోకి లేచి, ఖాళీతో పాటు కిందికి దిగుతుంది. తను కాల్చినా అంతే.

కాల్చడం అంటే, ఏడాదికి ఒకసారి అందరికీ వచ్చే వంతు ఆమెకూ వచ్చేది. అప్పుడు ఆమె గుండ్లన్నీ గుండ్రం లోపలే పడేవి. మూడేళ్లు వరసగా అది గమనించిన రిజర్వు ఇన్‌స్పెక్టరు, మా ఆర్.ఐ. సారు, ఒకనాడు కాగితం ఒకటి చేత్తో పట్టుకుని వచ్చాడు. సోలాపూర్ అవతల జాతీయ స్థాయిలో ప్రాక్టికల్ పిస్తోలు పోటీ. మామూలు పోటీలో నిలబడి ఒకే గురిని చూసి కొడతారు. ఇందులో పరుగెత్తాలి. చెక్క గోడల చాటు నుంచి, కిటికీల్లోంచి, వంగి, మోకాళ్ల మీద కూర్చుని అట్ట బొమ్మల్నీ ఇనుప పళ్లాల్నీ కొట్టాలి. వచ్చిన మార్కుల్ని పట్టిన సమయంతో భాగిస్తారు. మెల్లగా బాగా కొట్టినా లాభం లేదు, గబగబా చెడగొట్టినా లాభం లేదు. మా జిల్లా నుంచి ఇంతవరకూ ఎవరూ పోలేదు. స్వరూపకు ఇదే మొదటి పోటీ.

ఆర్.ఐ. సారు చాయ్ కప్పు కింద పెట్టి మెల్లగా అన్నాడు.

"ఎనభై మంది దాకా వస్తరంట. సగం మంది లోపల రా స్వరూపా. వచ్చినవంటే ఈ రేంజికి ఉస్తాద్‌వి నువ్వే. రాలేదనుకో, నా చేతిల ఏం లేదు. ఆ చిక్కం నీ చేతిల్నే ఉంటది."

ఉస్తాద్ అంటే కొత్తవాళ్లకు తుపాకీ నేర్పేవాళ్లు. మా రేంజిలో ఆడమనిషి ఉస్తాద్ ఎన్నడూ లేదు. స్వరూప తండ్రి కూతురు. నన్ను కర్ర నుంచి విప్పి దుమ్ము దులిపింది, అంతే. కానీ ఆ వారమంతా పొద్దున్నే రేంజి గట్టు మీద పరుగెత్తడం నేను ఆయుధాగారం గోడ మేకు మీంచి చూశాను.

మొగిలయ్య గుండ్ల పెట్టె ముందుకు జరిపాడు. నూట యాభై ఇస్తున్నాననీ, పేలినవి ఖాళీలుగా, పేలనివి గుండ్లుగా తనకు నూట యాభై అప్పజెప్పాలనీ చెప్పాడు. అక్కడ అందరి ఖాళీలూ ఒకే మట్టిలో కలిసి పడి ఉంటాయి కదా, మనవి ఏవో ఎట్లా తెలుస్తుందని ఆమె అడిగింది.

"నాకేం తెలుసు బిడ్డా. మీ బాపు నడుగు. మందలు కలిస్తె గొర్లను ఎట్ల ఏరుకుంటడో."

ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆమె నిజంగానే వెళ్లి అడిగింది. బీరయ్యకు అందులో అడగాల్సిందేముందో అర్థం కాలేదు. రంగు పెడతాం కదా అన్నాడు. తన గొర్రెలకు ఎడమ చెవి వెనక ఎర్రరంగు పెడతాడు. స్వరూప గోళ్ల రంగు సీసా తెచ్చి, నూట యాభై గుండ్ల అడుగునా తలా ఒక ఎర్రచుక్క పెట్టింది. చాప మీద వరసగా ఆరబెట్టిన గుండ్లను బీరయ్య చాలాసేపు చూశాడు. మంద మంచిగుందన్నాడు.

సోలాపూర్ అవతల, రాళ్ల గుట్టను తొలిచి చేసిన మైదానం అది. జొన్న కోసేసిన చేలు దాని చుట్టూ. ఎనభై నాలుగు మంది వచ్చారు. నడుము పట్టీలే ఒక్కొక్కటి ఒక్కో తీరు. మెరిసే ఒరలు, రంగురంగుల చొక్కాలు, వాటి మీద అక్షరాలు. స్వరూప ఖాకీ ప్యాంటు, నల్ల బూట్లు, ప్రభుత్వం వారి తోలు ఒర. నడుము వెనక కుడివైపు, పట్టీకి కట్టి నేను. నాగపూర్ నుంచి వచ్చిన పంటి డాక్టరు ఒకాయన మా గుంపులోనే ఉన్నాడు. బొజ్జ మనిషి. నన్ను చూసి ఇదేమిటని అడిగాడు. ఎద్దు మూతికి కట్టేదని ఆమె హిందీలో చెప్పింది. ఆయన చాలా మర్యాదగా, మరి ఎద్దు ఎక్కడుందని అడిగాడు. గుంపంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

మా గుంపు వెంట తిరిగే రేంజి అధికారి పేరు అంబాదాసు. అరవై దాటిన మనిషి, సైన్యంలో చేసి వచ్చాడు. ఇంట్లో చద్దర్ల మగ్గాలు. స్వరూప పేరు చీటీ చదివి, తెలుగోళ్లా అని తెలుగులో అడిగాడు. తాత సిరిసిల్ల నుంచి సోలాపూర్‌కు వచ్చాడట. ఆయన తెలుగులో మరాఠీ పోగులు కలిసిపోయి ఉన్నాయి. ఊరి మనిషి దొరికాడని ఆమె ముఖం వికసించింది. అది చూసి ఆయన వెంటనే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఇక్కడ నాకు చుట్టాలు లేరు బాయీ. తుపాకీ మూతి పక్కకు తిరిగినా, ఎనక్కి తిరిగినా, మా అమ్మనైనా ఇంటికి తోల్త."

ఆయన చెవి పక్కన ఎప్పుడూ ఒక లావుపాటి ఎర్ర పెన్ను ఉండేది, మార్కుల కాగితం మీద గీతలు కొట్టడానికి. చేతిలో సమయం చూసే యంత్రం. 'స్టాండ్ బై' అని ఆయన అన్నాక అది కూస్తుంది. కూతతో మొదలు, చివరి గుండు చప్పుడుతో ముగింపు.

మొదటి అంకం. యంత్రం కూసింది. స్వరూప ఒర నుంచి తీసిన తీరు బాగుంది. మొదటి గుండు బొమ్మ నడిమిట్లో పడింది. ఆ వెంటనే ఆమె మెడ కుడివైపు తిరిగింది. ఖాళీ ఎక్కడ పడిందో చూసుకుంది. రెండో గుండు. మళ్లీ మెడ. నడుము దగ్గర ఉన్నదాన్ని గనక ఆమె నడుము ప్రతిసారీ కొద్దిగా మెలి తిరగడం నాకు తెలుస్తూనే ఉంది. పన్నెండు గుండ్లు, పన్నెండు చూపులు. ఆ హడావుడిలో ఒక ఖాళీ చెక్క గోడకు తగిలి, వెనక్కి ఎగిరి, నేరుగా నా అంచు మీదికి వచ్చింది. గొంగడి మడతలోకి జారి ఇరుక్కుంది. చురుక్కుమంది. ఆమెకు తెలియలేదు. ఎవరికీ తెలియలేదు.

మార్కులు బాగానే వచ్చాయి. సమయం ఎక్కువ పట్టింది. డాక్టరు బొజ్జతో సహా ఆమె కంటే ముందున్నాడు.

రెండో అంకంలో పెద్ద తప్పే జరగబోయింది. ఒక గోడ చాటున రెండు కొట్టి, ఇంకో గోడ వైపు కదులుతోంది. ఖాళీ ఒకటి దొర్లుకుంటూ సరిగ్గా ఆమె కాళ్ల మధ్యకి వచ్చింది. ఇన్నేళ్లుగా ఖాళీలు ఏరిన చెయ్యి. తలతో చెప్పకుండానే ఎడమ చెయ్యి కిందికి పోయింది. ఒళ్లు వంగి మెలి తిరిగింది. దానితో పాటు కుడి చేతిలోని పిస్తోలు కూడా పక్కకు తిరగబోయింది.

"మజిల్!"

తుపాకీ మూతి జాగ్రత్త అన్న అంబాదాసు అరుపుకు గుట్ట మీది కాకులు లేచాయి. ఆమె కొయ్యబారి, పిస్తోలు ముందుకు తిప్పి, ఎట్లాగో అంకం పూర్తి చేసింది. ఖాళీ పిస్తోలు ఒరలో పెట్టాక ఆయన దగ్గరికి వచ్చాడు. కోపంతో మీసం అదురుతోంది.

"ఇంకో జానెడు తిరిగితే నీ పోటీ అయిపోయేది. ఏం పారేసుకున్నవ్ అక్కడ?"

"ఖాళీ సార్."

ఆయన ఆమెను చూశాడు. నడుము వెనక ఉన్న నన్ను చూశాడు. సైన్యంలో ఆయన కూడా ఖాళీలు లెక్కబెట్టి ఇచ్చినవాడే కదా. ఎర్ర పెన్ను తీసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆ రోజు నాలుగు అంకాలు అయ్యేసరికి పలక మీద పేర్లు పెట్టారు. ఎనభై నాలుగులో స్వరూపది అరవై మూడు. నలభై రెండు లోపల ఉండాలి. ఎండ ఇంకా ఉండగానే ఆమె మైదానం పక్క బండ మీద కూర్చుని ఎర్రచుక్క ఖాళీలు లెక్కబెట్టింది. అరవై నాలుగు కాల్చింది. అరవై మూడే ఉన్నాయి. మళ్లీ లెక్కబెట్టింది. అరవై మూడే. అరవై నాలుగోది ఆమె మోచేతికి ఆనుకుని నా మడతలో ఉంది. చెబుదామంటే ఎట్లా? నోరు కట్టడమే నాకు తెలిసిన విద్య.

ఇంటికి ఫోను చేసింది. బీరయ్య ఫోనులో కూడా తక్కువే మాట్లాడతాడు. అవతల గొర్రెల అరుపులు వినబడుతున్నాయి. మంద ఇంటికి మళ్లే వేళ. ఆమె అంతా చెప్పుకుంది. అరవై మూడో నంబరు గురించి, మజిల్ గురించి, తప్పిపోయిన ఒక్క ఖాళీ గురించి. చూడొద్దనుకున్నా చూపు వెనక్కి పోతోంది బాపూ అంది.  

"బిడ్డా, మందల ముందర నడిచేటోడు ఎనక్కి చూడొద్దు. చూస్తె మంద నిలబడ్తది. పోయేది పోతది, వచ్చేది వస్తది. లెక్క దొడ్డి కాడ."

ఆమె గొంతు తగ్గించి, ఒక్కటి తప్పిపోతే ఎట్లా అని అడిగింది.

"తప్పిపోయిన గొర్రెను ఊరోళ్లు తోలుకొస్తరు. రంగున్నది కద."

అంతే. దూరంగా పోతున్న గొర్రె దేన్నో అదిలించి ఫోను పెట్టేశాడు.

మరునాడు పొద్దున స్వరూప నన్ను పట్టీ నుంచి విప్పింది. వెనకాల తీగ కంచె దగ్గరికి తీసుకెళ్లి ఒక కడ్డీకి వేలాడదీసింది. గొంగడి అంచు సవరించి, ఇక్కడుండు అన్నట్టు అరచేత్తో ఒకసారి తట్టింది. మైలెద్దును గాటికి కట్టేసి బీరయ్య అట్లాగే తట్టేవాడు.

ఇన్నేళ్లలో మొదటిసారి నేను దూరం నుంచి తుపాకీ కాల్చడం చూశాను.

యంత్రం కూసింది. ఆమె కదిలింది. రెండు గుండ్లు, అడుగు, రెండు గుండ్లు. ఖాళీలు ఎండలో తళుక్కుమని లేచి మట్టిలో పడుతున్నాయి, ఒక్కొక్కదాని అడుగునా ఎర్రచుక్క. ఆమె మెడ తిరగలేదు. గోడ పక్కన వంగింది, కిటికీలోంచి కొట్టింది, ఖాళీ అయిన మ్యాగజైను జారవిడిచి పరుగెత్తుతూనే ఇంకొకటి ఎక్కించింది. ఇనుప పళ్లాలు ఐదు వరసగా ఠంగు ఠంగుమని పడిపోయాయి. ఆమె జడ వీపు మీద ఎగురుతోంది. ఒక్క ఖాళీ కూడా నాలో పడలేదు. అట్లా ఊరికే వేలాడుతూ ఉండటం అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అంకం అయిపోయి 'రేంజి క్లియర్' అన్నాక అందరూ ముందుకు వెళ్లి అట్టబొమ్మల చిల్లులకు కాగితం అతుకులు అంటించాలి. అది వాళ్ల పద్ధతి. ఆ పూట ఇంకో పని కూడా మొదలైంది. పంటి డాక్టరు వంగలేక వంగి, మట్టిలోంచి ఒక ఖాళీ తీసి, అడుగు తిప్పి చూసి, లాల్ హై అని కేకవేశాడు. తీసుకొచ్చి నాలో వేశాడు. ఆయన్ను చూసి ఇంకొకరు. ఆ రోజు మూడో అంకానికల్లా అది వాళ్లకు ఆటైపోయింది. కాల్చడం అయిపోగానే పదిమందీ మట్టిలో వంగి ఎర్రచుక్కలు ఏరేవాళ్లు. ఒక్కొక్కదాన్ని పళ్లూడదీసే పట్టకారుతో పట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చేవాడు డాక్టరు. పెద్ద పెద్ద ఒరలవాళ్లు, రంగు చొక్కాలవాళ్లు, అందరూ వరసగా నా ముందు వచ్చి నిలబడి ఖాళీలు వేసి వెళ్లారు. ఊరోళ్లు గొర్రెలు తోలుకొచ్చినట్టే.

చివరి అంకం అయ్యేటప్పటికి నా బరువుకు కంచె కడ్డీ కాస్త వంగింది.

పలక చుట్టూ జనం. ఆమె వెనక నిలబడింది, ముందుకు పోలేదు. డాక్టరు కింది నుంచి వేలితో చూసుకుంటూ పైకి పోయాడు. అరవైల్లో లేదు. యాభైల్లో లేదు. నలభైల్లోనూ లేదు. స్వరూప చదువుకున్న మనిషే, పైన వెతకాలని తోచలేదు. డాక్టరు వేలు ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. తన పేరు నలభై ఆరు దగ్గర ఉందని ఆయన అప్పుడే చూసుకున్నాడు. అయినా ఆమెకంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టాడు.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. కంచె దగ్గరికి వచ్చి నన్ను విప్పింది. లెక్క దొడ్డి కాడ కదా. బండ మీద పరిచి లెక్కబెట్టింది. మిగిలిన గుండ్లు పద్దెనిమిది. ఖాళీలు నూట ముప్పై ఒకటి. మొత్తం నూట నలభై తొమ్మిది. నిన్నటిదొక్కటి దొరకనే లేదు.

సంగతి విని గుంపంతా మొదటి అంకం జరిగిన చోటికి వెళ్లింది. బట్టల పెట్టెలు సర్దుకున్నవాళ్లు కూడా పక్కన పెట్టి వచ్చారు. మోకాళ్ల మీద వంగి రాయి రాయీ తిప్పారు. నేను ఆమె మెడలో వేలాడుతూ, వాళ్లు వెతుకుతున్నదాన్ని మోస్తూ, వాళ్లతో పాటే తిరిగాను. మనుషులు దేన్నైనా పోయినచోటే వెతుకుతారు. అది వాళ్ల తప్పు కాదు.

అంబాదాసు కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. తరువాత గోడ వెనక్కి వెళ్లాడు. నేను ఉన్న వైపు నుంచి ఒక్క నాకే కనిపించింది. జేబులోంచి ఎవరిదో ఒక ఖాళీ తీశాడు. చెవి పక్క పెన్ను తీశాడు. మూత పంటితో పీకి, అడుగున ఒక ఎర్రచుక్క పెట్టి, ఉఫ్ అని ఊదాడు. అమ్మనైనా ఇంటికి తోల్తానన్న మనిషి. ఆ ఖాళీని మట్టిలో ఒకసారి దొర్లించి ఇటు వచ్చాడు.

"దొరికింది బాయీ. రాయి కింద ఉన్నది. పో, బండికి టైమైతున్నది."

నాలో పడేశాడు. ఆమె ఆయన కాళ్లకు దండం పెట్టబోతే, ఇవన్నీ ఎందుకని కసిరి వెళ్లిపోయాడు.

జిల్లాకు వచ్చాక ఆర్.ఐ. సారు మిఠాయి తెప్పించాడు. మాట మీద నిలబడ్డాడు, ఉస్తాద్ కాగితం సంతకమైంది. మొగిలయ్యకు మిఠాయి కంటే ముందు లెక్క కావాలి. పద్దెనిమిది గుండ్లు, నూట ముప్పై రెండు ఖాళీలు. నూట యాభై. తల ఊపాడు. ఆ తరువాత అలవాటు ప్రకారం నన్ను బల్ల అంచుకేసి గట్టిగా తట్టాడు.

గొంగడి మడతలోంచి ఒకటి రాలింది. బల్ల మీద గుండ్రంగా తిరిగి, ఆయన చాయ్ కప్పుకు తగిలి ఆగింది.

ముగ్గురూ దాన్నే చూశారు. మొగిలయ్య దాన్ని తిప్పి చూశాడు. ఎర్రచుక్క. కళ్లద్దాలు పెట్టుకుని అన్నిటినీ మళ్లీ ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. సగం దాటాక ఒకదాని దగ్గర ఆగాడు. వేలు తడి చేసుకుని రుద్దాడు. వేలికి ఎరుపు అంటింది.

"ఇది గోళ్ల రంగు కాదు. పెన్ను."

 అంబాదాసు చెవి పక్కన ఉండే ఎర్ర పెన్ను స్వరూపకు గుర్తొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పలక మీద ముప్పై ఎనిమిది చూసినప్పుడు కూడా నవ్వని మనిషి, చిన్నప్పుడు తండ్రి నన్ను మూతికి పెట్టుకున్నప్పుడు నవ్వినట్టు పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆర్.ఐ. సారు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. కొన్ని సంగతులు అధికారులు చూడకూడదు.

మొగిలయ్య ఆ పెన్ను చుక్క ఖాళీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఇరవై ఆరేళ్ల కొలువులో ఆయనకు ఇట్లాంటి చిక్కు రాలేదు.

"తక్కువైతే రాయనీకి కాగితం ఉన్నది. ఎక్కువైతే లేదు బిడ్డా."

లేచి నన్ను తీసుకున్నాడు. ఆ ఖాళీని నా గొంగడి మడతలోకి, ఎంత తట్టినా రాలనంత లోపలికి దోపి, సూదీ దారంతో నాలుగు కుట్లు వేశాడు.

ఇప్పుడు స్వరూప ఉస్తాద్. కొత్తగా చేరిన పిల్లలు వరసగా నిలబడతారు. ఆమె వాళ్ల వెనక నడుస్తూ ఒకే మాట చెబుతుంది, ముందర చూడు, లెక్క దొడ్డి కాడ అని. దొడ్డి ఏమిటో ఆ పట్నం పిల్లలకు తెలియదు. కానీ చూపు తిప్పరు. నన్ను వేరే కానిస్టేబులు పట్టుకుంటాడు. ఖాళీలు పడతాయి, సుర్రుమంటుంది, సాయంత్రం మొగిలయ్య తట్టి లెక్కబెట్టుకుంటాడు. అన్నీ రాలతాయి, ఒక్కటి తప్ప.

మైలెద్దు ఇప్పుడు ఉంటే నా గురించి ఏమనుకునేదో. దాని నోట్లోకి ఒక్క ఆకు పోనివ్వలేదు నేను. నా నోట్లో మాత్రం సోలాపూర్‌ది ఒకటి ఉండిపోయింది. ఎవరూ కక్కమనలేదు.